డ్రైవర్ చేసిన ప్రమాదానికి యజమాని ఎంతవరకు బాధ్యుడు?

(రవాణా వాహనాల యజమానులు, కాంట్రాక్టర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో లారీలున్నవాళ్లు ఉన్నారు, స్కూలు బస్సులు తిప్పేవాళ్లు ఉన్నారు, సైట్లకు టిప్పర్లు పెట్టిన కాంట్రాక్టర్లు, నాలుగైదు వ్యాన్లతో హోల్‌సేల్ వ్యాపారం చేసుకునేవాళ్లూ ఉన్నారు. "మన బండి కింద మనిషి పడ్డాడు, పోయాడు" అని ఫోన్ రాగానే యజమాని నోట వచ్చే మాటలు సాధారణంగా రెండు. "నేనక్కడ లేను, తప్పు డ్రైవర్‌ది" అన్నది ఒకటి. "థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టాం, వాళ్లే చూసుకుంటారు" అన్నది రెండోది. మొదటి మాట కోర్టులో నిలవదు. రెండోది సగమే నిజం. మిగతా సగం మీ బీరువాలో ఉండాల్సిన కాగితాల మీద, ప్రమాదం జరిగిన మొదటి రెండు రోజుల్లో మీరు చేసే పనుల మీద ఆధారపడి ఉంటుంది.

ముందు మొదటి మాట సంగతి. 1952 ఫిబ్రవరిలో ఉదయపూర్‌లో జరిగిన ప్రమాదం ఇది. కలెక్టర్ వాడకానికి పెట్టిన ప్రభుత్వ జీపును రిపేరు చేయించి, వర్క్‌షాపు నుంచి వెనక్కి తోలుకొస్తున్నాడు డ్రైవర్. ఫుట్‌పాత్ మీద నడుస్తున్న ఒకాయన్ని గుద్దాడు. పుర్రె పగిలి, వెన్నెముక విరిగి ఆయన మూడో రోజున ఆసుపత్రిలో చనిపోయాడు. భార్య, మూడేళ్ల కూతురు 25,000 రూపాయలకు దావా వేశారు. ఆ డ్రైవర్ అప్పటికి టెంపరరీ, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. ట్రయల్ కోర్టు డ్రైవర్ మీద డిక్రీ ఇచ్చి ప్రభుత్వాన్ని వదిలేసింది. హైకోర్టు ప్రభుత్వం కూడా 15,000 కట్టాల్సిందే అంది. రాజస్థాన్ ప్రభుత్వం అప్పీలుకు వెళితే 1962లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తన దగ్గర పనిచేసేవాడి నిర్లక్ష్యానికి మామూలు యజమాని ఎలా బాధ్యుడో, ప్రభుత్వమూ అలాగే బాధ్యురాలని చెప్పింది. విద్యావతి కేసు అంటే ఇదే. ప్రభుత్వానికే లేని మినహాయింపు మనకెక్కడ దొరుకుతుంది?

కాబట్టి కోర్టు చూసేవి రెండు ప్రశ్నలు. అతను మీ మనిషేనా? ఆ సమయంలో మీ పని మీద ఉన్నాడా?

మీ మనిషేనా అన్నదానికి జీతం రిజిస్టరు ఒక్కటే గీటురాయి కాదు. 1956లో ధరంగధర కెమికల్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కొలత ఏమిటంటే, ఏ పని చేయాలో చెప్పడమే కాకుండా ఎలా చేయాలో చెప్పే అధికారం కూడా ఎవరి చేతిలో ఉందో వాడు యజమాని. అది మోటారు ప్రమాదం కేసు కాదు, ఉప్పు మడుల కార్మికుల కేసు. అయినా ఈ కొలత ఇక్కడికీ పనికొస్తుంది. అగ్రిమెంటులో "కాంట్రాక్టరు" అని రాసుకున్నా సరే, బండి మీది, రూటు మీరు చెప్పేది, టైము మీరు పెట్టేది, మానిపించేదీ మీరే అయితే ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు.

రెండో ప్రశ్న దగ్గరే వాదనలు సాగుతాయి. 1966 నాటి సీతారామ్ మోతీలాల్ కలాల్ కేసులో ఒక యజమాని టాక్సీని ఒకడికి అప్పగించాడు. వాడు బండి తుడిచే కుర్రాడికి డ్రైవింగ్ నేర్పి, లైసెన్సు టెస్టుకు అదే టాక్సీ ఇచ్చాడు. ఆ టెస్టులో ఒక మనిషి గాయపడ్డాడు. కుర్రాడికి లైసెన్సు సంపాదించి పెట్టడం యజమాని పని కాదు గనక యజమాని బాధ్యుడు కాడని మెజారిటీ తీర్పు వచ్చింది. ఇది చూసి ధైర్యం తెచ్చుకోకండి. 1977లో పుష్పాబాయి కేసుకొచ్చేసరికి గాలి మారింది. కంపెనీ మేనేజరు కంపెనీ కారులో ఇంకొకరిని ఎక్కించుకుని నాగపూర్ నుంచి పాంఢుర్నా వెళుతూ చెట్టుకు గుద్దాడు. ఎక్కినాయన చనిపోయాడు. లిఫ్ట్ ఇవ్వడం మేనేజరు ఉద్యోగంలో భాగం కాదంది కంపెనీ. మేనేజరు కంపెనీ పని మీదే వెళుతున్నాడు, కంపెనీ కట్టాల్సిందే అంది సుప్రీంకోర్టు. రోడ్డు మీద పోయే కారు తనంతట తాను చెట్టును గుద్దుకోదు కాబట్టి తప్పు లేదని నిరూపించుకునే భారాన్ని కూడా కారు వైపే వేసింది.

క్లీనర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ జరిగేది అదే. డ్రైవర్ టిఫిన్‌కు దిగుతాడు, ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, క్లీనర్ బండిని కాస్త పక్కకు తీస్తాడు. 1987లో కోకిలాబెన్ కేసు కూడా ఇలాంటిదే. డ్రైవర్ తినడానికేదో తెచ్చుకుందామని దిగాడు, క్లీనర్ నడిపాడు, మనిషి ప్రాణం పోయింది. లైసెన్సు లేనివాడు నడిపాడు, మాకు సంబంధం లేదంది బీమా కంపెనీ. లైసెన్సున్న డ్రైవర్‌ను పెట్టి అతనికే బండి అప్పగించిన యజమాని వైపు షరతు ఉల్లంఘన లేదని, బీమా కంపెనీయే కట్టాలని తీర్పు వచ్చింది. ఇందులో కీలకం ఒక్కటే. క్లీనర్‌కు తాళం ఇవ్వకూడదని మీరు డ్రైవర్‌కు చెప్పి ఉండాలి, చెప్పినట్టు రుజువు ఉండాలి. ట్రిప్ షీటు వెనకాల ఒక వాక్యం అచ్చు వేయించి డ్రైవర్ సంతకం పెట్టించుకోండి.

బండి అద్దెకిస్తే? ఆర్టీసీ అద్దె బస్సులవాళ్లకు ఇది తెలిసిన గొడవే. డ్రైవర్ బస్సు యజమాని మనిషి, కండక్టరు, రూటు కార్పొరేషన్‌వి. 1997లో రాజస్థాన్ ఆర్టీసీ వర్సెస్ కైలాశ్ నాథ్ కొఠారి కేసులో, బస్సు మీద అజమాయిషీ కార్పొరేషన్‌ది కాబట్టి అది తప్పించుకోలేదన్నారు. 2011లో కుల్సుమ్ కేసులో, బస్సు కార్పొరేషన్ చేతికి వెళ్లినా యజమాని కట్టిన బీమా దానితోపాటే వెళుతుందని తేల్చారు. బండి అమ్మేసినవాళ్ల పరిస్థితి ఇంకా దారుణం. డబ్బు తీసుకుని, తాళాలిచ్చి, ఆర్‌సీ మార్పించకుండా వదిలేస్తారు. 2018లో నవీన్ కుమార్ కేసులో బండి ఒకరి తర్వాత ఒకరుగా చేతులు మారింది. అయినా ఆర్టీఏ రికార్డులో పేరున్నవాడే యజమాని అంది సుప్రీంకోర్టు. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి కొన్నవాడికి ఇచ్చేస్తే సరిపోదు. పేరు మారిందా లేదా ఆన్‌లైన్‌లో మీరే చూసుకోవాలి.

ఇక నిర్లక్ష్యం నిరూపించడం. క్రిమినల్ కేసులో డ్రైవర్ మీద భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ పెడతారు, శిక్ష 5 ఏళ్ల దాకా ఉండొచ్చు. పాత శిక్షాస్మృతి 304ఏ సెక్షన్‌లో అది 2 ఏళ్లే. ఆ కేసు కొట్టేస్తే, పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లోని కేసు కూడా పోతుందని చాలామంది ఎదురు చూస్తారు. పోదు. 1980లో ఎన్‌కేవీ బ్రదర్స్ కేసులో, బస్సుకు కరెంటు తీగ తగిలి మనుషులు పోయారు. డ్రైవర్ నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా పరిహారం కట్టాల్సిందే అన్నారు జస్టిస్ కృష్ణయ్యర్. క్రిమినల్ కోర్టుకు సందేహం లేని రుజువు కావాలి, ట్రిబ్యునల్‌కు అలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని అనిపిస్తే చాలు. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, స్పాట్ స్కెచ్, శవ పంచనామా, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) రిపోర్టు, చూసినవాడు ఒకడు. వీటితోనే కేసు నిలబడుతుంది.

ఎంవీఐ రిపోర్టు సంగతి ఒక్క నిమిషం. ఇన్‌స్పెక్టర్ బండి చూసి చివర్లో ఒక వాక్యం రాస్తాడు: ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగింది కాదు అని. ఆ వాక్యం ఉంటే "బ్రేకు ఫెయిలైంది" అన్న వాదన అక్కడితో ఆగిపోతుంది. నిజంగానే ఫెయిలైనా చాలదు. లోపం బయటికి కనిపించనిదని, మీరు తీసుకోవాల్సిన జాగ్రత్తంతా తీసుకున్నారని మీరే నిరూపించాలి. 1977లో మినూ మెహతా కేసులో చెప్పింది ఇదే. అంటే సర్వీసు బిల్లులు, బ్రేక్ లైనింగ్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్ల రీడింగు. షెడ్డులో మేస్త్రీ నోటిమాట దానికి చాలదు.

రోడ్డు పక్కన ఆపిన బండి విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. టైరు పంక్చరై హైవే మీద సగం లేన్లో లారీ నిలబెడతారు, వెనక లైట్లు వెలగవు, త్రిభుజం బోర్డు పెట్టరు, నాలుగు రాళ్లు పేర్చి ఊరుకుంటారు. రాత్రి కారు వచ్చి వెనక నుంచి గుద్దుతుంది. "ఆగి ఉన్న బండిని గుద్దింది వాడే కదా" అంటారు యజమానులు. 2018లో అర్చిత్ సైనీ కేసులో రాత్రిపూట ఇండికేటర్ లేకుండా రోడ్డు మధ్య నిలిపిన గ్యాస్ ట్యాంకర్‌ను కారు గుద్దింది. కారు నడిపినాయన మీద హైకోర్టు వేసిన సగం తప్పును సుప్రీంకోర్టు తీసేసింది. రెండు బండ్లూ కలిసి మూడో మనిషిని చంపితే, ఆ కుటుంబం ఇద్దరిలో ఎవరి మీదైనా మొత్తానికీ వెళ్లొచ్చు, పంచుకోవడం ఆ ఇద్దరి తలనొప్పి. 2015 నాటి ఖెన్యేయి తీర్పు సారాంశం అది. రిఫ్లెక్టర్ త్రిభుజాలు బండిలో పెట్టడానికి వందల రూపాయలు చాలు.

ఎంత కట్టాల్సి వస్తుందో ఊహించుకోలేకే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఒక లెక్క చేద్దాం. చనిపోయింది 34 ఏళ్ల తాపీమేస్త్రీ, నెలకు 18,000 సంపాదన అని ట్రిబ్యునల్ నమ్మింది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సొంతంగా పనిచేసుకునేవాడు, 40 ఏళ్ల లోపువాడు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 25,200. ఏడాదికి 3,02,400. నలుగురు ఆధారపడ్డవాళ్లుంటే అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తారు: 2,26,800. దీన్ని వయసును బట్టి పెట్టిన గుణకంతో గుణిస్తారు, 31 నుంచి 35 ఏళ్లకు అది 16. అంటే 36,28,800. ఇది 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పుల లెక్క. దీనిపైన సహచర్యం కోల్పోయినందుకు ఒక్కొక్కరికి 40,000, ఎస్టేటు నష్టానికి 15,000, అంత్యక్రియలకు 15,000. మూడేళ్లకోసారి ఇవి 10 శాతం పెరుగుతాయి, రెండుసార్లు పెరిగాక 48,400, 18,150, 18,150 అయ్యాయి. నలుగురికి 1,93,600, మిగతా రెండూ 36,300. మొత్తం 38,58,700. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ ఉంటుంది. 7.5 శాతం అనుకుంటే ఏడాదికి 2 లక్షల 89 వేల పైచిలుకు. నెలకు 18,000 సంపాదించే మనిషికే ఇంత. చనిపోయినవాడు ప్రభుత్వోద్యోగి అయితే మీరే లెక్క వేసుకోండి.

ఈ డబ్బు బీమా కంపెనీ కట్టాలంటే కాగితాలు సరిగా ఉండాలి. సరిగా లేనప్పుడు రెండు రకాలుగా జరుగుతుంది. కొన్నింటిలో కంపెనీ పూర్తిగా బయటపడుతుంది. కొన్నింటిలో ముందు కుటుంబానికి కట్టి తర్వాత మీ దగ్గర వసూలు చేసుకుంటుంది. ట్రిబ్యునళ్లలో పే అండ్ రికవర్ అనేది దీన్నే. ఈ ఉత్తర్వు వస్తే బీమా కంపెనీ కొత్తగా దావా వేయనక్కర్లేదు. అదే కోర్టులో ఉత్తర్వు అమలు చేయమని పిటిషన్ (ఈపీ) వేసి మీ ఆస్తి జప్తుకు రావచ్చు.

లైసెన్సుతో మొదలుపెడితే, కార్డు జిరాక్స్ ఫైల్లో ఉంటే చాలనుకోకండి. ఏ తరగతి బండికి, ఎప్పటిదాకా అన్నది చదవండి. రవాణా వాహనాల లైసెన్సు ఇప్పుడు 5 ఏళ్లకే ఉంటుంది. గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు ఇదివరకు ఉండేది, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో అది పోయింది. తేలికపాటి వాహనాల (ఎల్ఎంవీ) లైసెన్సుతో 7,500 కిలోల లోపు స్థూల బరువున్న రవాణా బండి నడపొచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కాబట్టి చిన్న వ్యాన్లవాళ్లకు ఆ బాధ తప్పింది. నకిలీ లైసెన్సు అయితే, యజమాని లైసెన్సు చూసి, నడపడం వచ్చో లేదో పరీక్షించి పెట్టుకుంటే చాలని, ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదని 2022లో రిషి పాల్ సింగ్ కేసులో అన్నారు. కానీ రవాణా శాఖ సారథి వెబ్‌సైటులో నంబరు కొడితే నిమిషంలో తెలిసేదాన్ని చూడలేదంటే నమ్మే జడ్జి రోజురోజుకూ తగ్గుతున్నారు. చూసి, స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టండి. తెలిసి లైసెన్సు లేనివాడికి బండి ఇస్తే 3 నెలల జైలు లేదా 5,000 జరిమానా, లేదా రెండూ యజమానికే పడతాయి.

పర్మిట్ లేకుండా తిప్పడం మౌలిక ఉల్లంఘన అని 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో చెప్పారు. అక్కడ కూడా పే అండ్ రికవరే. తాగి నడపడాన్ని 2019 సవరణలో బీమా కంపెనీలకు రక్షణగా చేర్చారు. ప్రీమియం చెక్కు బౌన్సయి, ప్రమాదానికి ముందే పాలసీ రద్దు చేసి మీకు తెలియజేస్తే కంపెనీకి బాధ్యత లేదు, 2012లో లక్ష్మమ్మ కేసు. పాలసీ మీద మొదలయ్యే టైము కూడా ఉంటుంది, మధ్యాహ్నం కట్టిన ప్రీమియం ఉదయం ప్రమాదానికి పనికిరాదు.

మన రాష్ట్రాల్లో యజమానులను నిజంగా ముంచేది ఇది: మిరప కోతలకో, నాట్లకో, స్లాబు పనికో కూలీలను ట్రాక్టర్ ట్రక్కులో, డాలా ఆటోలో ఎక్కించుకెళ్లడం. సరుకు బండిలో ఉచితంగానో డబ్బులిచ్చో ఎక్కిన ప్రయాణికులకు బీమా వర్తించదని 2002లో ఆశా రాణి కేసులో తేల్చేశారు. బండి తిరగబడి ఐదుగురు పోతే ఐదు పరిహార ఉత్తర్వులూ యజమాని మీదే. సరుకు యజమాని, లేదా అతని తరఫున సరుకుతో వచ్చే మనిషి వేరు. హమాలీలు వేరు, వాళ్లకు అదనపు ప్రీమియం కట్టి కవర్ తీసుకోవచ్చు. కానీ ఆర్‌సీలో రాసిన సీట్లకు మించి కాదు. పది మందిని ట్రక్కులో కూర్చోబెట్టడానికి ఏ పాలసీలోనూ దారి లేదు. మనుషులకు మనుషుల బండే కట్టండి.

ప్రమాదం జరిగాక ఏం చేయాలి? డ్రైవర్ గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చాలి, పోలీసులకు చెప్పాలి, బీమా కంపెనీకి పాలసీ వివరాలతో తెలియజేయాలి. మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్ ప్రకారం ఇది విధి. జనం కొడతారని పారిపోతే, వెళ్లి దగ్గర్లోని స్టేషన్లో కూర్చోమని చెప్పండి. 2022 ఏప్రిల్ 1 నుంచి పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. ఇందులో డ్రైవర్ నింపాల్సిన ఫారం 3, యజమాని నింపాల్సిన ఫారం 4 ఉంటాయి, 30 రోజుల గడువు. పోలీసు నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకోవచ్చు కాబట్టి ఆ కుటుంబం వకీలును పెట్టుకోలేదని నిశ్చింతగా ఉండకండి. డ్రైవర్ తప్పు లేదని మీరు నమ్మినా, అదే చట్టం 164 సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు తప్పుతో పని లేకుండా అడగొచ్చు.

డ్రైవర్‌ను మార్చే ఆట ఆడకండి. నడిపినవాడికి లైసెన్సు లేదని, లైసెన్సున్న ఇంకొకణ్ణి స్టేషన్లో లొంగిపోమని పంపడం మన దగ్గర మామూలైపోయింది. జీపీఎస్, టోల్‌గేటు కెమెరా, ఫోన్ టవర్ లొకేషన్, దాబా సీసీటీవీ, ఏదో ఒకటి బయటపెడుతుంది. అప్పుడు బీమా ఎగిరిపోవడం అటుంచి, నేరస్థుణ్ణి కాపాడడానికి తప్పుడు సమాచారం ఇచ్చారని న్యాయ సంహిత 238 కింద మీరే ముద్దాయి అవుతారు.

ఊళ్లో పెద్దల ముందు రాజీ కూడా అలాంటిదే. రెండు లక్షలిచ్చి స్టాంపు పేపరు మీద సంతకాలు తీసుకుంటారు. 106 కేసు రాజీ పడే నేరం కాదు. మైనర్ పిల్లల వాటాను కోర్టు అనుమతి లేకుండా పెద్దవాళ్లు వదులుకోలేరు. బీమా కంపెనీ రాతపూర్వక ఒప్పుదల లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తాననడం పాలసీ షరతుకు విరుద్ధం. అంత్యక్రియలకు సాయం చేయాలనుకుంటే చేయండి, మనిషిగా చేయాల్సిందే. రసీదు తీసుకోండి, దాంట్లో తప్పు ఒప్పుకుంటున్నట్టు ఏమీ రాయకండి.

సమన్లు వచ్చాక కోర్టుకు వెళ్లకపోవడం ఆఖరి పొరపాటు. "ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకుంటారు" అని ఊరుకుని, హాజరుకానివాళ్లుగా (ఎక్స్‌పార్టీ) మిగిలిపోతారు. మీరు పోరాడకపోతే మోటారు వాహనాల చట్టం 170 సెక్షన్ కింద బీమా కంపెనీ అనుమతి తీసుకుని అన్ని వాదనలూ చేయొచ్చు, అందులో మీకు వ్యతిరేకమైనవీ ఉంటాయి. లైసెన్సు కాగితం దాఖలు చేసేవాడు లేక, పర్మిట్ చూపేవాడు లేక పే అండ్ రికవర్ ఉత్తర్వు వస్తుంది. అన్నీ సరిగా ఉండి కూడా ఇలా పడ్డవాళ్లున్నారు. జవాబు (కౌంటరు) దాఖలు చేయండి, ఆర్‌సీ, పాలసీ, పర్మిట్, ఫిట్‌నెస్, లైసెన్సు దాఖలు చేయండి, డ్రైవర్‌ను బోనెక్కించి సాక్ష్యం చెప్పించండి.

రెండు చీటీలు వచ్చాయి. మొదటిది: "మా కుర్రాళ్లు సొంత బైకుల మీద డెలివరీ చేస్తారు, మాకేం సంబంధం?" బైకు యజమాని ఆ కుర్రాడే, మొదట పరిహారం కట్టాల్సింది ఆ బైకు బీమా కంపెనీ. కానీ అతను మీ పని మీద వెళుతూ మనిషిని గుద్దితే మిమ్మల్ని కూడా ప్రతివాదిగా చేర్చొచ్చు. బైకుకు బీమా లేదంటే కుటుంబం చూపు మీ వైపే తిరుగుతుంది. ప్రతి బైకు పాలసీ కాపీ తీసుకుని, గడువు తేదీలు ఒక పట్టికలో రాసుకుని, ముగిసిన రోజున పనిలోకి రానివ్వకండి.

రెండోది: "ఒక్క రోజుకు యాక్టింగ్ డ్రైవర్‌ను పెట్టుకుంటే?" ఒక్క రోజైనా, ఒక్క ట్రిప్పైనా అతను మీ డ్రైవరే. ఏజెన్సీ పంపినా ఆర్‌సీలో ఉన్న పేరు మీది. తాళం ఇచ్చే ముందు అసలు లైసెన్సు కార్డు చూడండి, సారథిలో సరిచూడండి, అతన్ని, కార్డును కలిపి ఒక ఫోటో తీసి తేదీతో ఉంచుకోండి, పక్కన కూర్చుని రెండు కిలోమీటర్లు నడిపించి చూడండి. రాత్రంతా ఇంకో బండి నడిపి వచ్చాడేమో అడగండి. వచ్చాడంటే తాళం ఇవ్వకండి.